ఒడ్డునే నీళ్ళు పోసి చూసినవాడు

"రేపే ఎక్కిస్తాను. మాటిస్తున్నాను" అని ఒకడు మా మేస్త్రి చేతిలో చెయ్యి వేసి చెప్పాడు. చాలా ఏళ్ళ కిందటి సంగతి. ఎక్కించలేదు. పోయిన నెల ఒక పొద్దున వన్ టౌన్ వలల కొట్టాయన ఫోను చేసి, "మేస్త్రిగారు పోయారండీ. గుండె ఆగిపోయింది. కుర్చీలోనే" అన్నప్పుడు నాకు కన్నీళ్ళు రాలేదు. ముందు ఆ చెయ్యి గుర్తొచ్చింది. నున్నగా, రెండు ఉంగరాలతో ఉండే చెయ్యి. దాన్ని అప్పుడే విరగ్గొట్టి ఉండాల్సింది అనుకున్నాను. విరిగింది వేరే చెయ్యి.

నివాళిలో ఇలాంటి మాటలు రాయకూడదని నాకు తెలుసు. పత్రికలో పనిచేసిన కాలమంతా ఇతరులు రాసిన నివాళులు దిద్దాను. 'తీరని లోటు' అన్న మాట కొట్టేసి కొట్టేసి నా ఎర్ర పెన్నులు అరిగిపోయాయి. వాటన్నిటిలో ఒకటే కథ. పోయినవాడు దేవుడు, మిగిలినవాళ్ళంతా ఆయన ఆప్తులు, ఆయన్ని తీసుకుపోయింది కాలం. ఇంటినిండా పుస్తకాలు చదివాను, యుద్ధాలూ హత్యలూ రాజద్రోహాలూ అన్నీ చదివాను. ఎక్కడా కాలం ఒక్కణ్ణి కూడా చంపినట్టు కనబడలేదు. మనుషులే చంపుతారు. కొందర్ని ఒక దెబ్బతో, కొందర్ని మెల్లగా.

మేస్త్రి ఇటుకలు పేర్చే మేస్త్రి కాదు. బెంజ్ సర్కిల్ దగ్గర చీరల షాపు పైన, మూడో అంతస్తులో ఉండే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో జావా ప్రోగ్రామరు. అందరూ తలా ఒక ముక్క రాస్తే, వాటిని ఒకచోట చేర్చి పనిచేసే సరుకుగా తయారుచేయడం అతని పని. దాన్ని వాళ్ళు బిల్డు అంటారు. అందుకని ఆఫీసులో అందరూ మేస్త్రి అనేవారు. పత్రిక నన్ను బయటికి గెంటాక నేను ఆ కంపెనీలో చేరాను. (గెంటినవాళ్ళలో ఇద్దరు ఈమధ్య పోయారు. వాళ్ళకు నివాళి రాయమని నన్నెవరూ అడగలేదు, మంచిపని చేశారు.) కంప్యూటరు తెరమీద కనబడే తెలుగు మాటలు రాయడం నా ఉద్యోగం.

చేరిన రోజు గుమ్మంలో అడుగు పెడుతూనే ఒక కీబోర్డు గాల్లో వచ్చి నా చెవి పక్కన గోడకు కొట్టుకుంది. మీటలు చిట్లి గదంతా ఎగిరిపడ్డాయి. అవతల పొడుగ్గా, నల్లగా ఉన్న మనిషి ఒక ప్రోగ్రామరు కాలరు పట్టుకుని కిటికీకి అదిమి ఉన్నాడు. కింద రోడ్డుమీద బస్సుల హారన్లు.

"అది ఎవరూ తెరవని పేజీ అండీ, అందుకే చూళ్ళేదు..." అంటున్నాడు ఆ ప్రోగ్రామరు, మెడ నొక్కుకుపోయి.

"ఎవరూ తెరవనిదైతే ఎందుకు రాశావురా? పెళ్ళాం పుట్టింటికెళితే తోచక రాశావా? గోడకు మంటలార్పే ఎర్ర సిలిండరు ఉంది చూశావా? దాన్నీ ఎవడూ ముట్టుకోడు. ఖాళీది తగిలిద్దామా?"

అప్పుడు నన్ను చూశాడు. కాలరు వదిలేశాడు. "ఎవరండీ మీరు?"

"తెలుగు రాయడానికి వచ్చాను."

"అయితే కాస్త ఆ మీటలు ఏరి పెట్టండి మాష్టారూ. ఎంటర్ మీట ఎక్కడో మీ కాళ్ళ దగ్గరే పడింది."

ఏరి ఇచ్చాను. అలా మొదలైంది మా స్నేహం. నాకు మంచివాళ్ళంటే మొదట్నుంచీ నమ్మకం తక్కువ. కోపం వచ్చినప్పుడు మనిషి ఎందుకు కోపగించుకున్నాడో చూస్తే, వాడి విలువ అక్కడ తెలుస్తుంది. మేస్త్రి తన టీ ఒలికితే కోప్పడలేదు, జీతం ఆగితే కోప్పడలేదు. చూడకుండా ఒక పేజీ గుమ్మం దాటితే మాత్రం కుర్చీ లేచేది.

ఆ పనేమిటో నాకు టీ కొట్టు బల్లమీద చెప్పాడు. టీని సాసరులో పోసుకుని, ఊదకుండా, చల్లారేదాకా చూస్తూ కూర్చోవడం అతని అలవాటు.

"ఈ వెబ్ పేజీలు సర్వరులో పచ్చిగా ఉంటాయి మాష్టారూ. జేఎస్పీ అంటాం. సగం తెరమీద కనబడే సరుకు, సగం జావా. ఎవరో ఒకరు మొదటిసారి తెరిచినప్పుడు సర్వరు అప్పటికప్పుడు దాన్ని జావాగా మార్చి కంపైల్ చేస్తుంది. అంటే వండుతుందనుకోండి. అందుకే మొదట తెరిచినవాడు కాసేపు కాచుకోవాలి. అందులో తప్పుంటే?"

"ఉంటే?"

"ఆ మొదటివాడి మొహాన పేలుతుంది. వాడెవడో, ఏ అవసరంలో తెరిచాడో మనకేం తెలుసు?"

"మరి మందేమిటి?"

"సరుకు కట్టేటప్పుడే, బిల్డులోనే, ఉన్న పేజీలన్నిటినీ ముందుగా కంపైల్ చేసేయడం. ప్రీకంపైల్ అంటాం. ఒక్కదాంట్లో తేడా ఉన్నా బిల్డు అక్కడే ఆగిపోవాలి. సరుకు బయటికి పోకూడదు. కాస్త టైము ఎక్కువ పడుతుంది. అందుకే మన మేనేజరుకు మంట."

తరవాత వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు. వాళ్ళది నాగాయలంక దాటాక, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో చేపలవాళ్ళ ఊరు. చెక్క పడవకు సందుల్లో నార కూరి, తారు పూసి, ఇక నీళ్ళలోకి దించుతారనగా, వాళ్ళ నాన్న అందర్నీ ఆపేవాడట. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి పడవ లోపల పోయాలి. బయటినుంచి చెక్కకింద అరచెయ్యి పెట్టి వెతకాలి. ఎక్కడ తడి తగిలితే అక్కడ చిల్లు. "నీళ్ళు లోపల్నుంచి బయటికి కారితే బతికాం. బయట్నుంచి లోపలికి వస్తే చచ్చాం. అంతే మాష్టారూ తేడా. మా నాన్న పడవకు చేసింది నేను పేజీకి చేస్తున్నా."

అందుకే బిల్డు ఆగిపోతే అతనికి పండగ. "దొరికింది!" అని బల్లమీద గుద్దేవాడు. ఏ తప్పూ లేకుండా పూర్తయిన రోజున మొహం మాడ్చుకుని, "ఏమీ దొరకలేదంటే సరిగా వెతకలేదన్నమాట" అనేవాడు. బిల్డు నడుస్తున్నంతసేపూ నుంచునే ఉండేవాడు, చేతులు కట్టుకుని. ఆ సమయంలో ఎవరైనా జోకు వేస్తే డస్టరో, మౌసో, చేతికందింది వెళ్ళి తగిలేది.

వాళ్ళ ఊరి మత్స్యకారుల సొసైటీ పని మా కంపెనీకి వచ్చింది. తెచ్చింది మేస్త్రే. ఆ రేవులో ఒక షెడ్డు, షెడ్డు గోడకు ఒక పెద్ద చెక్క బోర్డు, బోర్డు నిండా మేకులు ఉండేవి. వేటకెళ్ళే ప్రతి పడవా తన చెక్క బిళ్ళను మేకుకు తగిలించి వెళ్ళాలి, తిరిగొచ్చాక తీసుకోవాలి. పై వరస తూర్పుకి వెళ్ళినవాళ్ళది, కింది వరస దక్షిణానికి వెళ్ళినవాళ్ళది. తుఫాను హెచ్చరిక వస్తే బోర్డు చూసి, పెద్ద ఇంజను బోట్లను ఆ వైపుకి పంపి, మిగిలినవాళ్ళని లాక్కొచ్చేవారు. ఆ బోర్డు చేసే పని కంప్యూటరు చెయ్యాలి. పొద్దున్నే గుమాస్తా పడవ పేరు, మనుషులు, వెళ్ళే దిక్కు ఎక్కిస్తాడు. తుఫాను వస్తే ఒక పేజీ తెరుస్తాడు. ఆ పేజీకి పేరు పెట్టింది నేనే: 'ఇంకా ఒడ్డుకు రానివారు.'

ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. మేస్త్రి వాళ్ళ బావ, అంటే అక్క మొగుడు, గట్టిగా ఎదురుతిరిగాడు. "మేకుకు కరెంటు అక్కర్లేదు బావమరిదీ. నీ పెట్టెకి కావాలి" అన్నాడు. ఇన్వర్టరు పెడతానన్నాడు మేస్త్రి. "పెట్టె చెడిపోతే?" అంటే, అందరి ముందూ, "చెడిపోదు. పూచీ నాది. మీట నొక్కండి, ఎవరు సముద్రంలో ఉన్నారో కనబడకపోతే నన్ను అడగండి" అన్నాడు. అతని మాటమీద బోర్డు దించారు. దించింది కూడా వాళ్ళ బావే, సుత్తితో మేకులు ఊడబెరికి. పొయ్యిలోకి పనికొస్తుందని వాళ్ళ అక్క ఇంటికి పట్టుకుపోయింది.

ప్రారంభోత్సవానికి ముందు రోజు మేస్త్రి ఊళ్ళో ఉన్నాడు, షెడ్డులో కంప్యూటరు అమరుస్తూ. ఆఫీసులో మేనేజరు తనే బిల్డు వేశాడు. సీడీలో ఎక్కించుకుని మధ్యాహ్నం కారులో బయల్దేరాలి. బిల్డు ఆగిపోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ అదేచోట ఆగింది. 'ఇంకా ఒడ్డుకు రానివారు' దగ్గర. అన్ని పేజీలకూ నెత్తిన వచ్చే భాగాన్ని ఎవరో వేరే ఫోల్డరులోకి మార్చారు. మిగతా పేజీలకు కొత్త చోటు చెప్పారు, దీనికి మరిచిపోయారు. మేస్త్రి నిలబెట్టిన కాపలా దొంగను పట్టుకుంది. మేనేజరు దొంగను వదిలేసి కాపలావాణ్ణి కొట్టాడు. బిల్డు ఫైలు తెరిచి, ప్రీకంపైల్ చేయమన్న వరస తీసేశాడు. ఈసారి బిల్డు ఈల వేసుకుంటూ పూర్తయింది.

నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. "మరి ఆ పేజీ సంగతండీ?" అన్నాను.

"మాష్టారూ, మీరు కవిత్వాలు చదువుకునేవాళ్ళు, మీకెందుకండీ ఈ తలనొప్పి? అది తెరవాలంటే తుఫాను రావాలి. ఎండలు చూశారా బయట? రేపు ఫంక్షన్లో అందరూ చప్పట్లు కొట్టేది మొదటి పేజీకి."

చప్పట్లు కొట్టారు. మేస్త్రి తిరిగి రాగానే నేను చెప్పాను. అతను లేచి వెళ్ళి మేనేజరు గది తలుపు తన్నాడు. అద్దం పైనుంచి కిందిదాకా చిట్లింది. తరవాత కూర్చుని, టీ చల్లారేలోపు ఆ పేజీ సరిచేసి, ప్రీకంపైల్ పెట్టి, కొత్త బిల్డు చేసి, సీడీ కవరుమీద తన చేత్తో 'ఇది ఎక్కించు' అని రాసి మేనేజరు ముందు పెట్టాడు. సొసైటీ సర్వరు పాస్‌వర్డ్ మేనేజరు దగ్గరే ఉంది; ఇంకెవరూ ముట్టుకోకూడదని ఓనరుగారి ఆర్డరు. అప్పుడే ఆ ఉంగరాల చెయ్యి ముందుకొచ్చింది. "రేపే ఎక్కిస్తాను. మాటిస్తున్నాను బ్రదర్." వారం తిరగ్గానే, "ఎక్కించేశా, హ్యాపీయేనా?" అన్నాడు. ఆ వెంటనే మేస్త్రిని ఏలూరులో వేరే పనిమీదికి పంపేశాడు.

ఎందుకు ఎక్కించలేదో నాకు తరవాత తెలిసింది. ఎక్కించాలంటే సర్వరు కాసేపు ఆపాలి. ఆపితే సొసైటీ వాళ్ళు ఎందుకని అడుగుతారు. అన్నీ పూర్తయ్యాయని వేదికమీద చెప్పినవాడు, ఒకటి పూర్తికాలేదని చెప్పాలి. అంతే కారణం. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటుందని నేను చాలా కాలం వెతికాను. లేదు.

ఎండలు పోయాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం తుఫాను హెచ్చరిక వచ్చింది. ఆఫీసుకు తాళం. రేవులో గుమాస్తా ఆ పేజీ మొట్టమొదటిసారి తెరిచాడు. తెల్లటి తెరమీద ఇంగ్లీషు వరసలు బారులు తీరాయి. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అవే. షెడ్డు నిండా జనం, బయట గాలి రేకులు లేపుతోంది. ఏలూరులో ఉన్న మేస్త్రికి ఫోను కలవలేదు. గుమాస్తా మేనేజరుకు చేశాడు. మేనేజరు పెళ్ళి భోజనాల్లో ఉన్నాడు. "ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి" అన్నాడట, పక్కన బ్యాండు మోగుతుంటే. ఆపి వేశారు. అవే వరసలు. ఎవరెటు వెళ్ళారని జనం తన్నుకున్నారు. ఒకడి తల పగిలింది. తూర్పుకే ఎక్కువమంది వెళ్ళారని ఎవరో అరిస్తే పెద్ద బోట్లు తూర్పుకి వెళ్ళాయి. మేస్త్రి బావ పడవ దక్షిణానికి వెళ్ళింది. మర్నాడు అది తిరగబడి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పడవలో ఉన్న మిగతావాళ్ళ శవాలు దొరికాయి. బావ శవం దొరకలేదు.

గాలీవానా తగ్గాక రెండు లారీల్లో వచ్చారు బెంజ్ సర్కిల్‌కి. మేస్త్రి ఆ పొద్దునే ఏలూరు నుంచి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. పారిపొమ్మన్నాను. "ఎక్కడికి మాష్టారూ, మా ఊరివాళ్ళేగా" అన్నాడు. మెట్లమీద కాళ్ళ చప్పుడు వినగానే మేనేజరు బాత్‌రూములో దూరి గడియ పెట్టుకున్నాడు. నేను చూశాను.

ముందు తలుపు అద్దం పోయింది. తరవాత మానిటర్లు. ఒక్కొక్కటీ వైర్లతో సహా ఊడదీసి కిటికీలోంచి రోడ్డుమీదికి విసిరారు. కింద చీరల షాపు బోర్డు ఊడిపడి ఆడవాళ్ళు కేకలు వేశారు. ప్రింటరును ఇద్దరు ఎత్తి గోడకేసి కొట్టారు. ఓనరుగారి గదిలో దేవుడి పటం కూడా మిగల్లేదు. నన్నెవరో గుండెమీద తంతే బీరువాకు తగిలి పడ్డాను. ఇంత గోలలోనూ మేస్త్రి కంప్యూటరు జోలికి ఎవరూ పోలేదు. దాని ముందు వాళ్ళ అక్క నిలబడి ఉంది. ఆమె చేతిలో తెడ్డు.

"నొక్కితే కనబడతారన్నావు" అంది. అరవలేదు. ఆమె మాట్లాడేసరికి మిగతా చప్పుళ్ళు ఆగిపోయాయి. "నొక్కు. నా మొగుణ్ణి చూపించు."

అతను నొక్కాడు. అతని కంప్యూటరులో ఉన్నది సరిచేసిన బిల్డు. రేవులో రోజూ ఎక్కించే వివరాల నకలు మా ఆఫీసుకీ వస్తుండేది. తెర తెరుచుకుంది. పైన నేను పెట్టిన పేరు. దాని కింద ఒకే ఒక్క వరస. బావ పడవ పేరు. మనుషులు నలుగురు. దిక్కు: దక్షిణం.

ఆమెకు చదువు రాదు. పక్కనున్న కొడుకు చదివాడు. చదివి, "ఇక్కడుందిగా అమ్మా!" అన్నాడు. ఆమె తమ్ముడి మొహంలోకి చూసింది.

"ఇక్కడ ఉన్నది అక్కడెందుకు లేదురా?"

దానికి జవాబు బాత్‌రూములో ఉంది. రెండు గోడల అవతల. మేస్త్రికి తెలుసు, నాకు తెలుసు. ఒక్క పేరు చెబితే ఆ గడియ ఒక్క తన్నుకు ఊడేది. మూడో అంతస్తు నుంచి మానిటర్ల వెనకాలే ఒక మనిషి కూడా వెళ్ళేవాడు. నేను నోరు తెరిచాను. మేస్త్రి నావైపు చూసిన చూపుకు మూసుకున్నాను.

"నాదే తప్పక్కా" అన్నాడు, కుడిచెయ్యి బల్లమీద నుంచి తియ్యకుండా.

తెడ్డు లేచింది. మణికట్టు విరిగిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. అతను చెయ్యి తియ్యలేదు. రెండో దెబ్బ వేసింది. అప్పుడూ తియ్యలేదు. మూడోసారి ఎత్తి, తెడ్డు కింద పారేసి, అతని కుర్చీ కోడు పట్టుకుని కూలబడింది. కొడుకులు ఆమెను మోసుకుపోయారు. పోతూ పోతూ ఎవరో మేనేజరు బల్ల సొరుగు లాగి బోర్లించారు. కాగితాల మధ్య నుంచి ఒక సీడీ జారి నేలమీద దొర్లింది. కవరు తెరిచినట్టు కూడా లేదు. దానిమీద 'ఇది ఎక్కించు.' మేస్త్రి ఎడమచేత్తో వంగి తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆసుపత్రి మంచంమీద నా దగ్గర మాట తీసుకున్నాడు. "నేను ఉన్నంతవరకు ఆ పేరు ఎత్తకండి మాష్టారూ."

"ఎందుకయ్యా? వాడు నీకేమవుతాడు?"

"వాడేమీ కాడు. మా మేనల్లుళ్ళు అవుతారు. తెలిస్తే వాణ్ణి నరికి జైలుకి పోతారు. మా అక్కకి మొగుడు పోయాడు, కొడుకులు కూడా పోవాలా?" చేతికట్టు సరిచేసుకుంటూ అన్నాడు. "ఇంకోటి. ఊళ్ళో బోర్డు దించింది వాడి మాట నమ్మి కాదు. నా మాట నమ్మి."

అది గొప్పతనమని మీరనుకోవచ్చు. నేననుకోలేదు, ఇప్పటికీ అనుకోను. ఆ మంచం పక్కనే తిట్టాను. కానీ మాటిచ్చాను. మాటిచ్చి నిలబెట్టుకున్నవాడు ఈ కథలో నేనొక్కణ్ణే అయ్యాను. దానివల్ల ఎవరికి మేలు జరిగిందో ఆ తరవాత చూశాను. ఉంగరాలవాడు కంపెనీ మారి, మేనేజరు నుంచి డైరెక్టరై, సొంతంగా ఒక కోచింగ్ సెంటరు పెట్టి, నాణ్యత గురించి పిల్లలకు ఉపన్యాసాలిచ్చాడు. ఓనరు ఇన్సూరెన్సులో కొత్త ఫర్నిచరు కొన్నాడు. మేస్త్రిని ఇద్దరూ కలిసి ఇంటికి పంపారు. ఊళ్ళో, బావను చంపినవాడు అన్న పేరు అతనికి స్థిరపడిపోయింది.

వన్ టౌన్‌లో వలల కొట్టు పైన ఒక గదిలో అద్దెకు చేరాడు. కుడిచెయ్యి వంకరగా అతుక్కుంది. ఎడమచేత్తో టైపు నేర్చుకున్నాడు. నగరంలోని చిన్నా చితకా కంపెనీలవాళ్ళు తమ సరుకు పట్టుకుని ఆ ఇరుకు మెట్లెక్కేవారు. అతను బిల్డులో ప్రీకంపైల్ పెట్టి, చిల్లులన్నీ చూపించి, తిట్టి పంపేవాడు. తిట్లు కాస్త తగ్గాయి. ఆ సీడీని దారంతో కిటికీకి వేలాడదీశాడు, పావురాలు రాకుండా. గాలికి తిరిగినప్పుడల్లా ఒక తళుకు గోడమీద పరిగెత్తి వెళ్ళేది. నేను దానివైపు చూస్తే, "టీ తాగండి మాష్టారూ" అనేవాడు.

ఏటా తుఫాను వచ్చిన రోజున బస్సెక్కి వెళ్ళేవాడు. చల్లపల్లిలో దిగి టీ తాగి, ఇంకో బస్సు పట్టుకుని, ఊరి మలుపుదాకా వెళ్ళేవాడు. లోపలికి పోయేవాడు కాదు. ఒకసారి నేనూ వెళ్ళి బస్సు దగ్గర ఆగాను. సముద్రం కనబడని చోట, ఉప్పు వాసన మాత్రం వచ్చే చోట కాసేపు నుంచుని తిరిగొచ్చాడు. "అక్క కనబడిందా?" అంటే, "వాకిట్లో బట్టలారేస్తోంది. చూసింది. లోపలికెళ్ళింది" అన్నాడు. అదొక్కటే అతను కోరుకున్నది. అక్క ఒక్కసారి పిలవడం. ఆ పిలుపుకీ అతనికీ మధ్య ఒక్క పేరు అడ్డం నిలబడి ఉంది, దాన్ని అక్కడ నిలబెట్టింది అతనే.

పోయాక ఊరికి తీసుకెళ్ళాలని నేనే పట్టుబట్టాను. వ్యాను ఆ మలుపు తిరగ్గానే ముందు అద్దంమీద రాయి పడింది. డ్రైవరు నుదుటి నుంచి రక్తం. ఇంకో రాయి, ఇంకోటి. "మనుషుల్ని మింగినవాడికి మా మట్టి ఎందుకురా?" అని అరుపులు. నేను చేతికర్ర పట్టుకుని దిగాను. ఈ వయసులో ఇద్దరిని కొట్టాను, ఇద్దరూ నన్ను కొట్టారు. పెదవి చిట్లింది. అప్పుడు జనం చీలారు. ఆమె వచ్చింది. తల నెరిసింది, నడుం వంగింది.

"రానివ్వండి" అంది. "కొట్టాల్సింది నేనప్పుడే కొట్టేశాను. ఇంక మీరెవరు కొట్టడానికి?"

వ్యాను తలుపు తెరిపించి తమ్ముడి కుడిచెయ్యి బయటికి తీసింది. వంకర మణికట్టును రెండు చేతులతో పట్టుకుని, సరిగా చేయాలన్నట్టు కాసేపు నొక్కింది. అది సరికాలేదు. పిలవలేదు, ఏడవలేదు. క్షమించిందేమోనని నా పక్కనున్న వలల కొట్టాయన కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు చెయ్యనివాణ్ణి క్షమించడమేమిటి? అతను మోసిన దానికి ఆ మాట ఇంకో దెబ్బ.

పెద్దకర్మ నాడు మళ్ళీ వెళ్ళాను. భోజనాలయ్యే వేళకు తెల్లటి కారొకటి వచ్చి ఆగింది. నల్ల కళ్ళద్దాలు, వెంట ఫొటోలు తీసేవాడు, చేతిలో పూలదండ. ఉంగరాలు ఇప్పుడు నాలుగు. "నా సొంత తమ్ముడిలాంటివాడండీ. మా కంపెనీకి వెన్నెముక" అని మేస్త్రి పటానికి దండ వేసి, ఫొటో సరిగా వచ్చిందో లేదో చూసుకున్నాడు. నన్ను చూసి, "మాష్టారూ, ఇంకా ఉన్నారా?" అన్నాడు నవ్వుతూ. ఉన్నాను. చూస్తూనే ఉన్నాను.

ఇచ్చిన మాట గడువు తీరిపోయింది. ఇది ఇప్పుడు రాస్తున్నది పాఠకులకోసం కొంత, ఆ అక్కకోసం చాలా. అచ్చయ్యాక ఒక ప్రతి ఆమె పెద్దకొడుక్కి పంపుతాను, తల్లికి చదివి వినిపించమని. చదివాక తెడ్డు పట్టుకొమ్మని చెప్పను. పట్టుకుంటే అడ్డం పోను. మేస్త్రి ఉంటే అడ్డం పోయేవాడు. నేను మేస్త్రిని కాను.

ఆ పెద్దకర్మ మధ్యాహ్నం ఇసుకమీద ఆమె కొడుకుల పడవ బోర్లా నుంచి వెల్లకిలా తిప్పి పెట్టారు. కొత్త నార కూరి, తారు పూసి ఉంది. కోడళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి లోపల పోస్తున్నారు. ఆమె చెక్కకింద అరచెయ్యి పెట్టి, ఒక కొస నుంచి ఇంకో కొసకు మెల్లగా జరుపుకుంటూ వస్తోంది, కళ్ళు మూసుకుని. కారు దగ్గరికి పోతున్నవాడు ఆగాడు. షూలకు తడి అంటకుండా ఆమె పక్కన నుంచుని, ముద్దుగా అడిగాడు, "ఏం చేస్తున్నారమ్మా?"

"చిల్లు ఎక్కడుందో చూసుకుంటున్నానండి" అంది ఆమె, కళ్ళు తెరవకుండా.

చెయ్యి ఇంకా చెక్కకిందే వెతుకుతోంది. చిల్లు ఆమెకు బారెడు దూరంలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడి ఉంది. దాని పేరు సుధాకరరావు.